డీజిల్ బిల్లుకీ లెక్కింపు కాగితానికీ ఒకే నంబరు

మార్చి నెలాఖరున అవనిగడ్డ బస్సు దిగి, విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద నుంచి మా ఆఫీసు సందులోకి నడిచొచ్చే కుర్రాడి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉండేది. అందులో మూడు నెలల వోచర్లు. నాగాయలంక బంకులో కొట్టించిన డీజిల్ బిల్లులు, పడవ యజమాని తెల్లకాగితం మీద పెట్టిన సంతకం, టీలు, టిఫిన్లు, బ్యాటరీ సెల్లులు, పోటు నీళ్లలో తడిసి ఆరిన రశీదులు ఒకటో రెండో. టేబుల్ మీద పరిస్తే ఉప్పు వాసన వచ్చేది. అదే కుర్రాడి సంచిలో ఇంకో కట్ట ఉండేది. ఏ పాయలో ఎన్ని పక్షులు కనపడ్డాయి, ఏ గట్టు మీద నీటిపిల్లి అడుగులు పడ్డాయి, ఏ ఇసుకలో తాబేలు గుడ్లు పెట్టింది అని రాసుకున్న కాగితాలు. మొదటి కట్ట నా టేబులుకి, రెండోది పక్క గదిలో ప్రాజెక్టు వాళ్ల టేబులుకి. ఏళ్ల తరబడి ఆ రెండు కట్టలూ మళ్లీ కలుసుకోలేదు. నేను చెప్పదలచుకున్నదల్లా వాటిని కలపడం గురించే.

కృష్ణా డెల్టాలో ప్రకృతి సంరక్షణ సంస్థల ఉద్యోగాలు తక్కువేమీ కాదు. 1989లో అభయారణ్యంగా ప్రకటించిన కృష్ణా మడ అడవులున్నాయి. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు ఉంది, ఆటపాకలో గూడబాతులున్నాయి. దివిసీమ ఇసుక తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. వీటి కోసం ప్రపంచంలో ఎక్కడెక్కడి దాతలో డబ్బు పంపుతారు. ఆ డబ్బు లెక్క రాయడానికి బీకామ్ చదివిన పిల్లల్ని, అడవిలో లెక్క రాయడానికి జువాలజీ చదివిన పిల్లల్ని, దారి చూపడానికి చదువు లేకపోయినా పాయల పేర్లన్నీ తెలిసిన జాలరుల్ని తీసుకుంటారు. ఒకరి కాగితం ఇంకొకరు చూడరు. చిక్కంతా అక్కడే పుడుతుంది.

అలాంటి సంస్థలో లెక్కలు చూడటానికి నేను చేరిన రెండో ఏడు ఒక విదేశీ దాత సంస్థ నుంచి ఇద్దరు తనిఖీకి వచ్చారు. ఒకరు నా లెడ్జరు చూశారు, ఒకరు పక్క గదిలో డేటా చూశారు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఇద్దరూ తమ నోట్సు సరిచూసుకున్నారు. నా లెక్కలో ఆ ఏడాది పడవ ట్రిప్పులు 42. డేటాలో 31. మిగతా పదకొండు పడవలూ ఎక్కడికి వెళ్లాయని అడిగారు. మర్యాదగానే అడిగారు, నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. ఎవరైనా అనుకునేదే వాళ్లూ అనుకుని ఉంటారు, దొంగ బిల్లులు పెట్టి డబ్బు తిన్నారని.

సాయంత్రం నాగాయలంకకు ఫోన్ చేసి అడిగితే ఒక్క ముక్కలో జవాబొచ్చింది. "ఆ రోజులు ఏమీ కనపడలేదు మేడమ్. ఏమీ లేకపోతే ఏం రాస్తాం?"

డబ్బు ఎక్కడికీ పోలేదు. పోయింది నిజం. ఆ ఏడు నీటిపిల్లి జాడ 62 సార్లు దొరికింది. 31 ట్రిప్పులతో భాగిస్తే ట్రిప్పుకి రెండు. 42తో భాగిస్తే ఒకటిన్నర కూడా రాదు. అంటే మడ అడవిలో ఉన్నదానికంటే మూడో వంతుకు పైగా ఎక్కువ చేసి చూపించాం. ఎవరినీ మోసం చేయాలని కాదు, సున్నాలు రాయకపోవడం వల్ల. ఆ అంకె అప్పటికే నివేదికలో దాటిపోయింది, ఇతర పరిశోధకుల చేతికీ వెళ్లింది. దాన్ని సరిదిద్దుతూ ఉత్తరం రాయడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ పదకొండు పడవల జాడ పట్టిచ్చింది నా డీజిల్ బిల్లులే. ఖాతా పుస్తకం అడవి లెక్కకు సాక్ష్యం చెప్పగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత మేము పెట్టుకున్న పద్ధతి ఇది. ఖర్చేమీ లేదు, మీ ఆఫీసులో రేపే మొదలుపెట్టవచ్చు. ఫీల్డ్ స్టేషన్లో గట్టి అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి పెట్టండి. పడవ కదలక ముందే, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, తర్వాతి వరుస నంబరు వేయాలి. తిరిగొచ్చాక వేస్తే అది పనికిరాదు, ఎందుకంటే ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాడు ఆ పని మర్చిపోతాడు. ఆ నంబరు డీజిల్ బిల్లు వెనక, పడవ కిరాయి వోచరు మీద, లెక్కింపు కాగితం పైన, కెమెరా మెమరీ కార్డు వేసిన కవరు మీద, ఫోటోల ఫోల్డరు పేరులో ఉండాలి. ఫోన్లో డేటా నింపే కోబో ఫారం వాడుతుంటే దాన్లో మొదటి ప్రశ్న ట్రిప్పు నంబరే కావాలి, అది నింపకుండా ముందుకు పోనివ్వకూడదు. ట్యాలీలో వోచరు ఎక్కించేటప్పుడు నరేషన్లో అదే నంబరు రాయండి. కాస్ట్ సెంటర్ వాడటం వస్తే ఇంకా మంచిది, ఒక్క నొక్కుతో ఆ ట్రిప్పు ఖర్చంతా ఒకచోట కనపడుతుంది.

వెళ్లాల్సిన ట్రిప్పు ఆగిపోతే ఆ నంబరు ఇంకో ట్రిప్పుకి వాడకండి. ఎదురుగా "రద్దు" అని రాసి కారణం రాయండి. పాటుకు నీళ్లు తగ్గి పడవ పాయలోనే కూర్చుంది, వాయుగుండం హెచ్చరిక వచ్చింది, ఇంజను మొరాయించింది, ఏదైతే అది. లెక్కింపు కాగితంలో "వెతికాం, కనపడలేదు" అనే గడి అచ్చులోనే ఉండాలి. దాని పక్కనే బయల్దేరిన టైము, తిరిగొచ్చిన టైము, తిరిగిన దూరం. సున్నా రాసిన మనిషిని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లు మొదట్లో సున్నా రాయడానికి సిగ్గుపడేవాళ్లు, డబ్బు ఖర్చుపెట్టి ఏమీ తేలేదని. వాళ్లకి నేనే కూర్చోబెట్టి చెప్పేదాన్ని, ఆ సున్నా కోసమే దాత డబ్బిచ్చాడని.

ఒకే పడవ రెండు ప్రాజెక్టుల పని చేసిన రోజు జాగ్రత్తగా ఉండాలి. పొద్దున తాబేళ్ల గస్తీ ఒక దాతది, మధ్యాహ్నం కెమెరాలు బిగించడం ఇంకో దాతది. డీజిల్ ఎన్ని గంటలు ఎవరికి కాలిందో ఆ రోజే రాయండి. మార్చిలో కూర్చుని ఊహించి పంచకండి. పంచిన వెంటనే ప్రతి బిల్లు మీదా ఏ ప్రాజెక్టుకు ఎంత అని రబ్బరు స్టాంపు వేయండి. ఒకే బిల్లు జిరాక్సు ఇద్దరు దాతల ఫైళ్లలో పూర్తి మొత్తానికి దొరికితే, మీరు ఎంత నిజాయితీపరులైనా ఆ రోజు మిమ్మల్ని ఎవరూ నమ్మరు.

తాబేళ్లకు మార్చి 31 లేదు

మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. తాబేళ్ల సీజను అప్పుడు మంచి జోరు మీద ఉంటుంది. జనవరి నుంచి గుడ్లు పెడతాయి. గుడ్డు పిల్ల కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి మార్చి నడుమ హ్యాచరీలో పెట్టిన గుడ్లు ఏప్రిల్ ఆఖరులోనో మేలోనో గాని పగలవు. కాపలా కూలి ఏప్రిల్, మే నెలల్లో కూడా నడుస్తుంది. గుడ్ల లెక్క ఒక సంవత్సరంలో, పిల్లల లెక్క ఇంకో సంవత్సరంలో పడుతుంది. "పెట్టిన గుడ్లెన్ని, సముద్రంలోకి వదిలిన పిల్లలెన్ని" అని వార్షిక నివేదికలో పక్కపక్కన వేసేవాళ్లు ఇక్కడే పొరపడతారు. తాబేళ్ల లెక్క సీజను వారీగా చెప్పండి, డబ్బు లెక్క సంవత్సరం వారీగా చెప్పండి. రెండూ ఎక్కడ కలవవో ఒక వాక్యంలో రాసేయండి.

దాత సంవత్సరం వేరే ఉంటుంది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంతర్జాతీయ సంస్థది జులై నుంచి జూన్. 1969లో పుట్టిన మన డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియాది ఏప్రిల్ నుంచి మార్చి. కొందరు దాతలది జనవరి నుంచి డిసెంబరు. ముగ్గురికి మూడు రకాల పుస్తకాలు రాయలేరు, రాయకూడదు కూడా. నెలనెలా పుస్తకం ముగించండి. నెల దాటిన ఐదో తేదీలోగా బ్యాంకు సరిచూసి, అడ్వాన్సులు సెటిల్ చేయించి, ఆ నెలకు తాళం వేసేయండి. పన్నెండు ముగించిన నెలలు చేతిలో ఉంటే ఎవరి సంవత్సరం ఎక్కడ మొదలైనా కోసి ఇవ్వవచ్చు. మార్చిలో ఒకేసారి ముగిద్దాం అనుకునే ఆఫీసు జూన్‌లో ఇంకో దాత అడిగినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

డాలర్లలోనో పౌండ్లలోనో ఒప్పందం ఉన్నప్పుడు మీ పుస్తకంలో ఉండాల్సింది బ్యాంకులో జమైన రూపాయలు. వాటాలవారీగా డబ్బొచ్చినప్పుడు ఒక్కో విడతకు ఒక్కో మారకపు రేటు పడుతుంది. దాతకు వెనక్కి నివేదించేటప్పుడు ఏ రేటు వాడాలో ఒప్పందంలోనే రాయించుకోండి. రేటు కదిలి నాలుగు రూపాయలు మిగిలితే అవి ఎవరివో, తగ్గితే ఎవరు భరించాలో కూడా.

మార్చి ఆఖరి వారంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ధార్మిక సంస్థలు తమ ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఆశయాల మీద ఖర్చుపెట్టాలన్నది పన్ను నియమం. కొన్నేళ్లుగా ఈ లెక్కలోకి వచ్చేది నిజంగా చెల్లించిన డబ్బే. ఇవ్వాల్సి ఉంది అని పుస్తకంలో రాసుకున్నది ఆ 85 శాతంలోకి రాదు. కాపలావాళ్ల మార్చి కూలి ఏప్రిల్ ఐదున ఇచ్చే అలవాటుంటే, ఆ మొత్తం వచ్చే ఏటి ఖర్చుగానే లెక్కకొస్తుంది. మార్చి 31 లోపు ఇవ్వగలిగినదంతా వాళ్ల బ్యాంకు ఖాతాల్లో వేసేయండి. పన్ను సంగతి అలా ఉంచి, రాత్రుళ్లు ఇసుకలో టార్చిలైటు పట్టుకు తిరిగిన మనిషికి కూలి ఆపడం ఏ సంస్థకీ మర్యాద కాదు. పదివేలు దాటిన నగదు చెల్లింపు ఖర్చుగా చెల్లదని కూడా గుర్తుంచుకోండి. ఖర్చు కాక మిగిలినదాన్ని ఒక నిర్దిష్టమైన పని కోసం ఐదేళ్ల దాకా దాచుకునే వీలుంది, దానికి ముందే ఫారం దాఖలు చేయాలి.

ఏడాది పొడవునా నా గోడ క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టిన తేదీలు నాలుగుండేవి. మే 31, దాతల వివరాల పట్టీ 10బీడీ. సెప్టెంబరు 30, ఆడిట్ నివేదిక. అక్టోబరు 31, రిటర్ను. డిసెంబరు 31, విదేశీ విరాళాల వార్షిక పత్రం ఎఫ్‌సీ-4. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద, విదేశీ విరాళం ఒక్క రూపాయి వచ్చినా ఆడిట్ నివేదిక వివరమైన 10బీ ఫారంలోనే ఇవ్వాలి, చిన్న ఫారం సరిపోదు. ఆ చట్టం స్థానంలో, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా, 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్లు మారతాయి. గడువు తేదీలను ప్రభుత్వం పొడిగించడమూ మామూలే. ఈ నాలుగు తేదీలనూ ప్రతి ఏప్రిల్లో మీ ఆడిటరు గారితో ఒకసారి సరిచూసుకోండి.

డాలస్ నుంచి వచ్చే ఐదు వందల డాలర్లు

విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) మొదటిసారి వచ్చింది 1976లో. మరుసటేడే, 1977 నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. ప్రపంచం నలుమూలల నుంచి సహాయం వచ్చింది. ఈ ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థల పని పెద్ద ఎత్తున వేళ్లూనుకున్నది ఆ రోజుల్లోనే. తర్వాత 2010లో కొత్త చట్టం, 2020లో దానికి గట్టి సవరణలు వచ్చాయి. ఇప్పుడు విదేశీ విరాళం ఏదైనా మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అక్కడి నుంచి విజయవాడలో ఉన్న మీ ఖాతాకి మార్చుకుని వాడుకోవచ్చు. ఇది చాలామందికి తెలిసిందే. మన ఊళ్లో తరచూ తప్పు జరిగేది వేరే చోట.

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంటులో చూసినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. పండక్కి వచ్చిన ఒకాయన ఆటపాక వెళ్లి పక్షుల్ని చూసి ముచ్చటపడతాడు. డాలస్ వెళ్లాక ఐదు వందల డాలర్లు పంపుతానంటాడు. మంచి మనసు. ఆయన్ని మొదట అడగాల్సింది ఒక్కటే, మీ చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు ఉందండీ అని. భారత పౌరుడిగానే ఉండి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఫైలులో పెట్టుకుని మామూలు ఖాతాలో తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వచ్చిపోతుంటే మాత్రం, ఆయన పుట్టింది కైకలూరులోనే అయినా, ఆ డబ్బు విదేశీ విరాళమే. రూపాయల్లో ఇచ్చినా అంతే. పటమటలో ఉన్న చెల్లెలి ఖాతాకి పంపి ఆమె చేత నగదు ఇప్పించినా దాని స్వభావం మారదు, పైగా ఇద్దరూ చిక్కుల్లో పడతారు. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని చిన్న సంఘం అయితే ఆ డబ్బు తీసుకోకూడదు. మొహమాటానికి పోయి తీసుకున్నవాళ్లు తర్వాత కొన్నేళ్లు సంజాయిషీలు రాసుకున్నారు.

విదేశం నుంచి ఎవరైనా కెమెరాలు, బైనాక్యులర్లు సంస్థకు పంపినా వాటికీ లెక్క ఉంటుంది. స్టాకు రిజిస్టరులో విలువ వేసి ఎక్కించండి. పాయలో పడి పోయిన కెమెరాకి ట్రిప్పు నంబరుతో సహా నోటు రాయండి.

2020 సవరణ తర్వాత విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు గ్రాంటుగా ఇవ్వకూడదు, ఆ రెండో సంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. పెద్ద సంస్థ చిన్న ఊరి సంఘానికి డబ్బు బదిలీ చేసి పని చేయించుకునే పాత పద్ధతి దీంతో ఆగిపోయింది. తీరంలో గస్తీ తిరిగే ఆ ఊరి యువకులకు కూలి నేరుగా వాళ్ల ఖాతాల్లోనే వేయాలి, కొన్న సామానుకు ధర నేరుగా చెల్లించాలి. దీనివల్ల వోచర్లు నాలుగింతలయ్యాయి. పని కష్టమైంది, ఊరి సంఘాల బలం తగ్గింది కూడా. నాకు ఇది నచ్చలేదు. కానీ చట్టం చట్టమే, దొడ్డిదారి వెతక్కండి.

అదే సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. ఒక లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 40 లక్షలు వచ్చిందనుకోండి. పరిమితి 8 లక్షలు. ఆఫీసు అద్దె నెలకు 15 వేల చొప్పున లక్షా ఎనభై వేలు. లెక్కలు చూసే మనిషికి 3 లక్షలు. ఆడిట్‌కు 60 వేలు. కరెంటు, ఫోన్లు 50 వేలు. జీపు నడిపినందుకు లక్షా ఇరవై వేలు. ఇక్కడికే 7 లక్షల 10 వేలు. ఇక ఫీల్డ్‌లో లెక్కింపు చేసే ఇద్దరికి నెలకు 15 వేల చొప్పున ఏడాదికి 3 లక్షల 60 వేలు ఉంది. అది కూడా పరిపాలనలో పడితే 10 లక్షల 70 వేలు, పరిమితి దాటిపోతారు.

నియమాల్లో ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. ప్రధానంగా పరిశోధన లేదా శిక్షణ చేసే సంస్థలో, ఫీల్డ్ డేటా సేకరించేవాళ్లు, దాన్ని విశ్లేషించేవాళ్లు తీసుకునే జీతాలు పరిపాలన ఖర్చు కిందికి రావు. మరి ఆ మనిషి డేటానే సేకరించాడని, ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు టైపు చేయలేదని చూపేదేది? ట్రిప్పు నంబరు వేసి, పేరు రాసి, సంతకం పెట్టిన లెక్కింపు కాగితమే. పక్క గదిలో మూలపడి ఉన్న ఆ కట్ట ఒక్కసారిగా మీ ఖాతాలకు ఆధారం అవుతుంది. ఉద్యోగ నియామక పత్రంలో ఆ పని పేరు స్పష్టంగా రాయించండి, నెలనెలా టైంషీటు తీసుకోండి. మీ సంస్థ ఆ మినహాయింపుకు తగినదేనా అన్నది మాత్రం ఆడిటరు గారిని అడిగి, ఆయన అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ 20 శాతం లెక్కించేది ఆ ఏడు వచ్చిన విరాళం మీద. జనవరిలో రావాల్సిన విడత దాత ఆలస్యం చేసి ఏప్రిల్లో పంపాడంటే ఈ ఏటి మొత్తం తగ్గుతుంది, అద్దె మాత్రం తగ్గదు. డిసెంబరులోనే ఒకసారి ఈ లెక్క వేసుకుని, విడత ఎప్పుడొస్తుందో దాతను అడగండి.

ఎవరికి ఏది చూపాలి

ఇప్పుడు డేటా పంచుకోవడం. పంచుకోవాలి, అందులో నాకు అనుమానం లేదు. 1987 నుంచి ఆసియా అంతటా ప్రతి జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతోంది. దేశంలో 942 జాతుల పక్షుల స్థితిగతుల మీద 2023లో వచ్చిన నివేదికకు దాదాపు 30 వేలమంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనలు ఆధారం. ఎక్కడో చెరువు గట్టు మీద నిలబడి ఒకరు రాసుకున్న అంకెలు కలిస్తేనే అంత పెద్ద లెక్క తయారైంది. మీ సొరుగులో ఉండిపోయిన కాగితం వల్ల ఏ పక్షికీ మేలు జరగదు.

కానీ తాబేలు గుడ్లున్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా బయట పెడితే గుడ్లు ఎత్తుకెళ్లేవాడికి దారి చెప్పినట్టే. నీటిపిల్లి ఫలానా రొయ్యల చెరువు గట్టు మీద తిరుగుతోందని రైతు పేరుతో రాస్తే, రేపు అక్కడ ఉచ్చు పడినా, ఆ రైతు మీదికి కేసు పోయినా మన కాగితమే కారణం. పరిశీలనలు నమోదు చేసే వెబ్‌సైటు ఐనాచురలిస్ట్ ముప్పున్న జాతుల విషయంలో అసలు చోటు చూపకుండా 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో వేస్తుంది, అంటే సుమారు 22 కిలోమీటర్ల పక్క ఉన్న చతురస్రం. పక్షుల నమోదు వెబ్‌సైటు ఈబర్డ్‌కీ సున్నితమైన జాతులను దాచే పద్ధతి ఉంది. మీ సొంత ఎక్సెల్ షీటుకి మాత్రం అలాంటి కాపలా ఉండదు. అందుకని రెండు షీట్లు ఉంచండి. అసలు చోట్లతో ఉన్నది ఇద్దరి దగ్గరే ఉండాలి. పంచుకునేదాంట్లో మండలం దాకానే. ప్రపంచ జీవవైవిధ్య సమాచార వేదిక జీబీఐఎఫ్‌లో పెడుతుంటే మూడు రకాల లైసెన్సుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు, పేరు చెప్పి వాడుకోవాలి, పేరు చెప్పి వ్యాపారానికి కాకుండా వాడుకోవాలి అని. ఏది ఎంచుకోవాలో డేటా ఎక్కించే కుర్రాడికి వదిలేయకండి, అది కమిటీ మినిట్స్‌లోకి రావాల్సిన నిర్ణయం.

అభయారణ్యంలో పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఆ అనుమతి పత్రంలో డేటా గురించి షరతులుంటాయి. దాత ఒప్పందంలోనూ ఉంటాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు నాకు అరుదుగా కనపడ్డారు. ముందు అటవీశాఖకు ఇస్తామని ఒకచోట, ముందు దాతకే ఇస్తామని ఇంకోచోట సంతకం పెట్టి ఉంటారు. సంతకానికి ముందే చదవండి, అనుమతి పత్రం కాపీని దాత ఒప్పందానికి జతచేయండి. ఫోటోలు, అంకెలు ఒక ఎత్తు, మలం నమూనాలు, డీఎన్‌ఏ ఫలితాలు ఇంకో ఎత్తు. అవి దేశం దాటేముందు 2002 జీవవైవిధ్య చట్టం ఏమంటుందో చూడాలి, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి అవసరమా అని తేల్చుకోవాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది మనుషుల డేటా. వోచరు వెనక ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫోన్ నంబరు, వేలిముద్ర. దాత "సపోర్టింగ్ పేపర్లు పంపండి" అన్నాడని మొత్తం స్కాన్ చేసి అందరికీ తెరుచుకునే ఫోల్డరులో పడేసిన ఆఫీసులు చూశాను. ఒక యానాది తాత ఆధార్ కార్డు ఏ దేశంలో ఎవరి కంప్యూటర్లో ఉందో ఆయనకు తెలియదు, అడగడమూ చేతకాదు. ఆయన తరఫున అడగాల్సింది లెక్కల సీట్లో కూర్చున్న మనమే. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. చట్టం గడువు దాకా ఆగాల్సిన పని లేదు. దాతకు పంపే కాపీలో ఆధార్ అంకెల్లో చివరి నాలుగు తప్ప మిగతావి కొట్టేయండి, ఫోన్ నంబరు తీసేయండి. అసలు కాగితాలు బీరువాలో ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు అని రాయండి. నేను అలా రాసిన ఏ దాతా కాదనలేదు. ఆ బీరువా కాగితాలు పదేళ్లు భద్రంగా ఉంచాలి. డెల్టాలో మొదటి శత్రువు తేమ కాబట్టి స్కాన్ కాపీ కూడా తాళం వేసిన చోట ఉండాలి.

ఇలాంటి సంస్థలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకు ఒక మాట. వాళ్లు మిమ్మల్ని ప్రశ్నలు అడిగాక, మీరూ పోయినేటి ఆడిట్ అయిన లెక్కలు ఒకసారి చూపించమని అడగండి. విదేశీ విరాళం అందుకునే సంస్థ వాటిని ఏటా అందరికీ కనపడేలా పెట్టాల్సిందే, కాబట్టి అది పెద్ద కోరిక కాదు. జీతాల మీద పెట్టినదెంత, ఫీల్డ్‌లో పెట్టినదెంత, ఖర్చు కాక మిగిలినదెంత, ఈ మూడూ చూసుకుంటే మీ ఉద్యోగం వచ్చే ఏడు ఉంటుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది. అడిగినందుకు ముఖం చిట్లించే చోట చేరకపోయినా నష్టం లేదు.

చేరాక ఆ లెక్కల సీటు వదిలే రోజు వస్తే ముందు పనులు మూడు. బ్యాంకు ఓటీపీ, ఎఫ్‌సీఆర్‌ఏ పోర్టల్ ఓటీపీ మీ సొంత ఫోనుకు వస్తుంటే సంస్థ పేర తీసుకున్న సిమ్‌కు మార్పించండి. వెళ్లిపోయిన మనిషి ఫోన్ కలవక డిసెంబరు 31న ఎఫ్‌సీ-4 ఆగిపోయిన ఆఫీసుంది. డిజిటల్ సంతకం ఎవరి పేర ఉందో, ఎప్పుడు ముగుస్తుందో కాగితం మీద రాసివ్వండి. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కాబట్టి ఆ తేదీ కూడా అదే కాగితం మీద. ఇక ట్రిప్పు రిజిస్టరు. నేను అప్పగించిన రోజు చివరి నంబరుకు ఎదురుగా నా తర్వాత వచ్చిన అమ్మాయి చేత సంతకం పెట్టించాను. ఆమె పెన్ను మూత పెడుతుండగానే నాగాయలంక నుంచి ఫోన్ వచ్చింది, మర్నాడు పొద్దున పోటుకి పడవ తీస్తున్నామని. తర్వాతి నంబరు ఆమే వేసింది.